అల్సరేటివ్ కొలైటిస్‌కి ఎఫ్‌ఎంటీ: చేయించాలా, చేయిస్తే ఎట్టా?

పెన్నా_ఒడ్డు (కోవూరు)
అందరికీ నమస్కారం. మా చిన్నాన్న కొడుక్కి 31 ఏళ్లు, ఎడమవైపు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర మంటతో పుండ్లు పడే జబ్బు). పేగు మంట తగ్గించే మెసలమైన్ బిళ్లలు రోజుకి 2.4 గ్రాములు వాడతన్నాడు. ఏడాదిలో రెండుసార్లు ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) కోర్సు పడింది. స్టెరాయిడ్ తగ్గించేకొద్దీ మళ్లీ మొదలవతంది. ఇప్పుడు రోజుకి నాలుగైదు సార్లు విరేచనం, జిగట, నెత్తురు. పేగు మంటని మలంలో కొలిచే కాల్‌ప్రొటెక్టిన్ 900 దాటింది. జ్వరం లేదు. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవుల్ని పేగులోకి ఎక్కించే ఎఫ్‌ఎంటీ చేయిస్తే జబ్బు మొదలంటా పోతుందని బంధువులు చెప్తన్నారు. వాడి సొంత తమ్ముడు దాతగా ఉంటానన్నాడు. ఇది నిజంగా పనిచేస్తుందా? తమ్ముడు పనికొస్తాడా? ఇంట్లోనే ఎనిమాగా ఎక్కించొచ్చని వీడియోలు తిరగతన్నాయి, అది ఎంతవరకు సబబు?

గ్యాస్ట్రో_నెల్లూరు
అన్నా, చివరి ప్రశ్నకి ముందు జవాబు: ఇంట్లో వద్దు. కారణాలు ల్యాబ్ వాళ్లు వివరంగా రాస్తారు. తమ్ముడు కూడా పనికిరాడు, ఆ సంగతీ వస్తుంది. పనిచేస్తుందా అన్న దానికి నేను రాస్తాను.

ఎఫ్‌ఎంటీకి పేరు వచ్చింది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే ఇన్‌ఫెక్షన్‌లో. 2013లో నెదర్లాండ్స్ ట్రయల్‌లో తిరగబెట్టిన సి.డిఫ్ రోగులు 16 మందికి ఎక్కిస్తే మొదటి డోసుకే 13 మంది బాగుపడ్డారు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన 13 మందిలో నలుగురే బాగుపడ్డారు. అక్కడ సమస్య సూటిగా ఉంటుంది. యాంటీబయాటిక్స్ పేగులోని మంచి జీవుల్ని తుడిచేశాయి, ఖాళీ అయిన చోట సి.డిఫ్ తిష్ట వేసింది. కొత్త జీవులు వచ్చి చోటు ఆక్రమిస్తే పని అయిపోతుంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో జన్యువులు, రోగనిరోధక వ్యవస్థ, పేగు లోపలి పొర, సూక్ష్మజీవులు అన్నీ కలిసి జబ్బు నడిపిస్తాయి. సూక్ష్మజీవుల్ని మార్చితే అందులో ఒక భాగమే మారుతుంది. అందుకే ఫలితం సగంసగంగా వస్తుంది.

అంకెలు చూడండి. 2015లో కెనడా ట్రయల్: వారానికొక 50 మి.లీ. ఎనిమా, ఆరు వారాలు. 38 మందిలో 9 మందికి జబ్బు అణిగింది (24 శాతం), ఉత్తుత్తి ఎనిమా తీసుకున్న 37 మందిలో ఇద్దరికి (5 శాతం). అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో ముక్కు గొట్టం ద్వారా మూడు వారాల తేడాతో రెండే డోసులు ఇచ్చారు, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో ఆస్ట్రేలియా వాళ్లు ఒకసారి కొలనోస్కోపీతో ఎక్కించి, తర్వాత వారానికి ఐదు రోజుల చొప్పున ఎనిమిది వారాలు ఎనిమాలు ఇచ్చారు: జబ్బు అణిగింది ఎఫ్‌ఎంటీ వర్గంలో 27 శాతానికి, ఉత్తుత్తి వర్గంలో 8 శాతానికి. 2019లో అడిలైడ్ వాళ్లు గాలి తగలకుండా తయారుచేసి మూడే డోసులు ఇచ్చారు: 32 శాతానికి 9 శాతం.

అంటే కొన్ని వారాల తర్వాత స్టెరాయిడ్ లేకుండా జబ్బు అణిగి ఉండేది నలుగురిలో ఒకరికో, ముగ్గురిలో ఒకరికో. ఆ ఒకరికీ ఏడాది నిలబడుతుందన్న భరోసా లేదు. అడిలైడ్‌లో బాగుపడిన 12 మందిలో ఏడాది తర్వాత కూడా బాగున్నది ఐదుగురే. బెల్జియంలో ఏరికోరి ఎంచిన దాతలతో మొదలుపెట్టిన ట్రయల్‌ని లాభం కనబడక మధ్యలోనే ఆపేశారు. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2024 మార్గదర్శకాల్లో, ఈ జబ్బుకి ఎఫ్‌ఎంటీ ట్రయల్స్‌లో తప్ప బయట చేయొద్దని సూచించింది. "మొదలంటా పోతుంది" అన్న మాటకి ఇంతవరకు ఆధారం లేదు.

కందుకూరు_మాస్టారు
డాక్టరు గారూ, విదేశాల సంగతి సరే. మన ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 2022లో ప్రచురించిన దాంట్లో 60 శాతం మందికి తగ్గింది కదండీ? మనవాళ్ల పేగుకి, మనవాళ్ల తిండికి మన ఫలితాలే ప్రమాణం కావాలి. పైగా అందులో దాతలు పల్లెటూరి మనుషులే.

గ్యాస్ట్రో_నెల్లూరు
మాస్టారూ, మంచి ప్రశ్న. ఆ ట్రయల్‌ని నేనూ గౌరవిస్తాను. జబ్బు తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్న 66 మంది. ఒక వర్గానికి వారానికొకటి చొప్పున ఏడు వారాలు కొలనోస్కోపీ ద్వారా తాజా ఎఫ్‌ఎంటీ, దానితోపాటు మంట తగ్గించే ఆహార నియమం. రెండో వర్గానికి మామూలు మందులు. ఎనిమిది వారాలకి 60 శాతానికి 32 శాతం. తర్వాత ఆహార నియమాన్ని మాత్రం కొనసాగించి 48 వారాలకి చూస్తే, లక్షణాలూ లేక, పేగూ మానిన వాళ్లు మొదటి వర్గంలో 25 శాతం, రెండో దాంట్లో ఒక్కరూ లేరు.

అయితే రెండు సంగతులు గమనించాలి. ఎఫ్‌ఎంటీ, ఆహారం రెండూ ఒకే వర్గానికి ఇచ్చారు కాబట్టి ఏది ఎంత పని చేసిందో విడదీయలేం. ఎవరికి ఏ చికిత్సో రోగికీ డాక్టరుకీ తెలుసు, కాబట్టి లక్షణాల లెక్కలో ఆ ప్రభావం కొంత ఉంటుంది. లూధియానా దయానంద్ మెడికల్ కాలేజీ వాళ్లు 2019లో వేరే కోణంలో చూశారు. ఎఫ్‌ఎంటీతో అప్పటికే జబ్బు అణిగిన 61 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఎఫ్‌ఎంటీ, రెండో దానికి ఉత్తుత్తిది ఎనిమిది వారాలకోసారి, 48 వారాల పాటు ఇచ్చారు. లక్షణాల్లేకుండా ఉన్నవాళ్లు 87 శాతానికి 67 శాతం. ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. కానీ కొలనోస్కోపీలో పేగు మానినట్టు కనిపించింది 58 శాతానికి 27 శాతం. అది నిలబడింది. నా ఉద్దేశంలో మన దేశం నుంచి వచ్చిన వాటిలో ఎక్కువ ఆశ కలిగించేది ఇదే. ఎందుకంటే ఎఫ్‌ఎంటీతో మంటని అణిచాక, ఆ మీదట నిలబెట్టడానికి వాడారు.

ఇక ఆచరణ. ఏడు వారాల్లో ఏడు కొలనోస్కోపీలంటే నెల్లూరు, ఒంగోలు మనిషి రెండు నెలలు ఢిల్లీలో కాపురం పెట్టాలి. జీటీ ఎక్కి వారం వారం తిరిగేది కాదు.

మందుల_చీటీ (ఒంగోలు, క్లినికల్ ఫార్మసిస్ట్)
పెన్నా అన్నా, మీరు రాసిన మందుల లెక్కలోనే పెద్ద లోటు ఉంది. ఎడమవైపు కొలైటిస్‌కి కింది నుంచి మందు ఎక్కడా పడినట్టు లేదు. నోటి మెసలమైన్‌తోపాటు ఎనిమా కలిపితే ఒక్క నోటి మందు కన్నా బాగా పనిచేస్తుంది. ఇది పాతికేళ్లుగా తెలిసిన సంగతి. మంట లేచినప్పుడు నోటి మోతాదు 4.8 గ్రాముల దాకా పెంచుతారు, రాత్రిపూట 4 గ్రాముల ఎనిమా కలుపుతారు. పురీషనాళానికే పరిమితమైతే 1 గ్రాము సపోజిటరీ. ఇవన్నీ డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాల్సినవే. కానీ అడగండి, ఎందుకంటే మొహమాటంతో ఎనిమా మాట రోగీ ఎత్తడు, టైం లేక డాక్టరూ ఎత్తడు.

ఎనిమా పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామంది పెట్టుకునే తీరులోనే తేడా ఉంటుంది. రాత్రి విరేచనానికి వెళ్లొచ్చాక పడుకునే ముందు పెట్టుకోవాలి. సీసాని బాగా కుదపాలి, మందు అడుగున దిగి ఉంటుంది. కుదపకపోతే పైనీళ్లే లోపలికి పోతాయి. చల్లగా ఉంటే పేగు ముడుచుకుని వెంటనే బయటికి నెట్టేస్తుంది, కాబట్టి అరచేతుల మధ్య కాసేపు పట్టుకోవాలి. ఎడమపక్కకి తిరిగి, ఎడమకాలు చాపి, కుడిమోకాలు పొట్టవైపు మడవాలి. మొనకి కాస్త జెల్లీ రాసి, బొడ్డువైపు వంచి మెల్లగా దూర్చాలి. 60 మి.లీ. సీసాని గబుక్కున పిండొద్దు, నిదానంగా పిండి, నొక్కిన చెయ్యి వదలకుండానే బయటికి తీయాలి, లేకుంటే మందు తిరిగి సీసాలోకి లాగేసుకుంటుంది. అరగంట అట్లాగే పడుకుని, వీలైతే రాత్రంతా ఆపుకోవాలి. మొదటి నాలుగైదు రోజులు నిలవదు, మంట తగ్గేకొద్దీ నిలుస్తుంది. ఫలితం చూడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడో రోజుకే మానేసేవాళ్లే ఎక్కువ. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకి బండి డిక్కీలోనో, కిటికీ పక్కనో పెట్టిన సీసా పాడవుతుంది. ఇంట్లో చల్లటి చోట పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

ఇంకొకటి. ఒళ్లునొప్పులకి ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూదులు, షాపుల్లో అడగ్గానే ఇచ్చే నొప్పిబిళ్లలు, జలుబుకీ గొంతునొప్పికీ వేసుకునే యాంటీబయాటిక్స్, ఈ మూడూ అణిగిన కొలైటిస్‌ని లేపగలవు. మళ్లీ లేచిన ప్రతిసారీ ముందటి నెలలో ఏమేం మింగాడో ఒక కాగితం మీద రాయండి. నొప్పికి పారాసిటమాల్ చాలు.

గ్యాస్ట్రో_నెల్లూరు
ఫార్మసిస్టు గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది. ఇది నిజంగా కొలైటిస్ లేవడమేనా? మలంలో సి.డిఫ్ టాక్సిన్, కల్చర్, అమీబా చూడాలి. మన దగ్గర అమీబిక్ కొలైటిస్ అచ్చం ఇట్లాగే నెత్తురూ జిగటగా వస్తుంది, దాని మీద స్టెరాయిడ్ పడితే పేగు చిల్లుపడే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్‌కి లొంగనప్పుడు చిన్న సిగ్మాయిడోస్కోపీ (పేగు కింది భాగాన్ని గొట్టంతో చూడటం) చేసి ముక్క తీసి సీఎంవీ వైరస్ ఉందేమో చూడాలి. ఇవేవీ చూడకుండా ఎఫ్‌ఎంటీకి పంపితే ఇన్‌ఫెక్షన్ మీద ఇంకొకరి సూక్ష్మజీవుల్ని ఎక్కించినట్టవుతుంది.

ఏడాదిలో రెండు కోర్సులు, తగ్గిస్తుంటే తిరగబెట్టడం అంటే స్టెరాయిడ్ మీద ఆధారపడిపోయినట్టే. ఇక్కడ రోగనిరోధక శక్తిని అణిచే అజథయోప్రిన్ ఆలోచిస్తారు, కిలోకి 2 నుంచి 2.5 మి.గ్రా. మనవాళ్లలో ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష చేయించి మొదలుపెట్టడం మేలు. ఆ జన్యువులో తేడా ఉన్నవాళ్లకి మొదటి వారాల్లోనే జుట్టు కుచ్చులుగా ఊడటం, తెల్లకణాలు పడిపోవడం జరుగుతుంది. మొదట్లో వారం, రెండు వారాలకోసారి రక్తపరీక్ష తప్పదు. ఆ పైన ఇన్‌ఫ్లిక్సిమాబ్ (కిలోకి 5 మి.గ్రా., 0, 2, 6 వారాల్లో, తర్వాత ఎనిమిది వారాలకోసారి), లేదా టోఫాసిటినిబ్ బిళ్లలు. రెండింటికీ ముందు క్షయ పరీక్షలు చేయాలి, దాగిన టీబీ ఇక్కడ మామూలు. ఇవి దాటాక, లేదా వీటితోపాటు, ట్రయల్ దొరికితే ఎఫ్‌ఎంటీ.

పెన్నా_ఒడ్డు
ఎనిమా సంగతి నిజంగా ఎవరూ చెప్పలేదు. ఎల్లుండి డాక్టరు దగ్గరికి పోతన్నాం, అడుగుతాం. తమ్ముడి గురించి కొంచెం వివరంగా చెప్పండి. ఒకే తిండి, ఒకే ఇల్లు, గట్టి మనిషి, ఒక్క బిళ్ల కూడా వేసుకోడు. ఎందుకు పనికిరాడు?

మైక్రో_కావలి (ల్యాబ్)
పెన్నా అన్నా, మొదటి కారణం: రోగికి తోడబుట్టినవాడు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పేగు మంట జబ్బు ఉంటే ఆ మనిషిని దాతల జాబితాలోంచి తీసేస్తారు. జన్యువులూ పంచుకున్నాడు, చిన్నప్పటి నుంచి ఒకే ఇంటి సూక్ష్మజీవులూ పంచుకున్నాడు. రేపు అతనికే ఈ జబ్బు రావచ్చు. రక్తం, కిడ్నీల విషయంలో దగ్గరి బంధువు మేలన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

రెండో కారణం పరీక్షలు. ముందు ప్రశ్నావళి: ఆరు నెలల్లో యాంటీబయాటిక్స్ వాడారా (కొన్ని చోట్ల మూడు నెలలు), పచ్చబొట్టు, రక్తం ఎక్కించుకోవడం, విరేచనాలు, ఆసుపత్రిలో చేరడం, షుగరు, ఊబకాయం, ఆటో ఇమ్యూన్ జబ్బులు, క్యాన్సర్, మలబద్ధకం, ఐబీఎస్, మానసిక జబ్బులకి మందులు. ఆసుపత్రుల్లో, పశువుల దగ్గర పనిచేసేవాళ్లని ప్రత్యేకంగా అడుగుతారు. రొయ్యల చెరువులు, కోళ్ల షెడ్ల మీద బతికే మన కోస్తా ఊళ్లలో ఈ ప్రశ్న పైపైన అడిగి వదిలేసేది కాదు.

తర్వాత రక్తం: హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ, సిఫిలిస్, స్ట్రాంగిలాయిడిస్. మందులతో నిరోధకశక్తి తగ్గిన రోగికైతే ఈబీవీ, సీఎంవీ కూడా సరిచూడాలి. మలంలో సాల్మొనెల్లా, షిగెల్లా, క్యాంపిలోబ్యాక్టర్, విబ్రియో, సి.డిఫ్, నోరోవైరస్, రోటావైరస్, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం, కొక్కెపురుగు గుడ్లు. అన్నిటికన్నా ముఖ్యం మందులకి లొంగని బ్యాక్టీరియా: ఈఎస్‌బీఎల్, కార్బపెనెమ్‌కి లొంగనివి, వీఆర్‌ఈ.

ఈ చివరి పరీక్ష చేయకపోతే ఏమవుతుందో 2019లో అమెరికాలో తెలిసింది. ఒకే దాత మలంతో చేసిన ఎఫ్‌ఎంటీ తర్వాత, నిరోధకశక్తి తగ్గిన ఇద్దరికి ఈఎస్‌బీఎల్ ఈ.కోలై రక్తంలోకి పాకింది. ఒకరు చనిపోయారు. ఆ దాత పైకి పూర్తి ఆరోగ్యంగానే ఉన్నాడు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పటినుంచి ఈ పరీక్ష తప్పనిసరి చేసింది. మన దేశంలో ఈఎస్‌బీఎల్ జీవులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల పేగుల్లోనే విరివిగా దొరుకుతాయి. గట్టి మనిషి, బిళ్ల వేసుకోడు అన్నది దీనికి అడ్డు కాదు, నీళ్లతో, తిండితో కూడా వస్తాయి. స్టెరాయిడ్ మీద ఉన్న, పుండ్లు పడిన పేగులోకి వీటిని వంటింటి మిక్సీలో కొట్టి ఎక్కించడమంటే నేరుగా రక్తంలోకి దారి వేయడం.

మాస్టారూ, పల్లెటూరి దాతల మీద మీ మాట అందుకే సగమే సరి. పప్పు, కూర, జొన్న, రాగి తినే మనుషుల పేగులో జీవుల రకాలు ఎక్కువ అన్న ఆలోచనలో పస ఉంది. అదే ఊళ్లో పురుగులు, జియార్డియా, లొంగని బ్యాక్టీరియా కూడా ఉంటాయి. పల్లె మనిషి అయితే చాలనడం కుదరదు, వడపోసిన పల్లె మనిషి కావాలి. ముందుకొచ్చినవాళ్లలో ఆ వడపోత దాటేది కొద్దిమందే.

ఒక్కసారి పరీక్షతోనూ సరిపోదు. దానం చేసే రోజున మళ్లీ ప్రశ్నలు అడుగుతారు. పద్ధతిగా నడిచే చోట దానాల కాలం ముగిశాక పరీక్షలన్నీ మళ్లీ చేసి, రెండోసారీ శుభ్రమని తేలాకే మధ్యలో నిల్వ చేసిన సంచుల్ని విడుదల చేస్తారు. ప్రతి సంచి నుంచి చిన్న నమూనా ఏళ్ల తరబడి దాస్తారు, ఎవరికైనా జబ్బు వస్తే వెనక్కి వెళ్లి చూడటానికి. ఎక్కడైనా ఎఫ్‌ఎంటీ చేస్తామంటే ఈ నిల్వ నమూనా గురించి అడగండి. జవాబు తడబడితే అక్కడ చేయించొద్దు.

ఎండోస్కోపీ_సిస్టర్ (నెల్లూరు)
తయారీ, ఎక్కించడం గురించి రాస్తాను. డోసుకి సుమారు 50 గ్రాములు, తక్కువలో తక్కువ 30. విసర్జించాక ఆరు గంటల్లోపు పని ముగియాలి. మంచి జీవుల్లో చాలావాటికి గాలి సరిపడదు, ప్రాణవాయువు తగిలితే చచ్చిపోతాయి. పేగు పొరకి తిండి పెట్టే బ్యూటిరేట్ తయారుచేసే ఫీకాలిబ్యాక్టీరియం లాంటివి వాటిలో ముందు. మిక్సీలో కొడితే నురగ వస్తుంది, నురగంటే గాలి. అందుకే లోపల జాలీ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో మలం వేసి, మూడు నుంచి ఐదింతలు స్టెరైల్ సెలైన్ పోసి, గాలి పిండేసి, మూతి బిగించి చేత్తో పిసుకుతారు. జాలీకి అవతలివైపు పలచటి గోధుమరంగు ద్రవం దిగుతుంది, పీచూ గింజలూ ఇవతలే ఉండిపోతాయి. ఆ ద్రవాన్నే సిరంజిల్లోకి తీసుకుంటారు. వడపోత సరిగ్గా లేకపోతే కొలనోస్కోప్ గొట్టం మధ్యలో మూసుకుపోతుంది, అప్పుడు ఒత్తి నెట్టడం ప్రమాదం.

నిల్వ చేయాలంటే 10 శాతం గ్లిజరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు. గ్లిజరాల్ లేకపోతే మంచు ముక్కలు జీవుల గోడల్ని చీల్చేస్తాయి. మామూలు ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది, కరెంటు పోయినప్పుడల్లా కరిగి గడ్డకడుతుంది, అది దీనికి చాలదు. కరిగించేటప్పుడు కొందరు 37 డిగ్రీల నీటితొట్టిలో పెట్టమంటారు. బ్రిటన్ వాళ్లు నీటితొట్టి వద్దంటారు, తొట్టి నీళ్లలో సూడోమోనాస్ పెరిగి సంచి మూతి దగ్గర అంటుకునే వీలుందని. గది వేడిమిలో కరగనిచ్చి ఆరు గంటల్లో వాడమంటారు. మన ఎండాకాలంలో గది వేడిమి అన్న మాటకి ఏసీ గది అనే అర్థం. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఎక్కించే రోజు కొలనోస్కోపీకి మాదిరే పేగు శుభ్రం చేసే ద్రావణం తాగిస్తారు. స్కోప్ సీకమ్ (పెద్దపేగు మొదలు) దాకా వెళ్లాక సిరంజిలతో 200 నుంచి 300 మి.లీ. కుడివైపు పేగులో వదులుతారు. బయటికి వచ్చేటప్పుడు సక్షన్ వాడకూడదు, ఇప్పుడే పోసింది లాగేసుకుంటుంది. లోపలికి వెళ్లేటప్పుడే చూడాల్సిందంతా చూసుకోవాలి. లోతైన పుండ్లుంటే గాలి తక్కువ కొట్టాలి, అవసరమైతే పైకి వెళ్లకుండా ఎడమవైపే ఎనిమాగా ఇచ్చి ఆపాలి. పేగు చిల్లుపడే భయం ఉన్నది అక్కడే. తర్వాత అరగంట నుంచి గంట కుడిపక్కకి పడుకోబెడతారు, వీలైతే నాలుగు గంటలు ఆపుకోమంటారు. జబ్బు ఉధృతంగా లేనివాళ్లకి కొన్నిచోట్ల విరేచనం ఆపే లోపరమైడ్ ఒక డోసు ఇస్తారు.

ఆ రోజు పొట్ట ఉబ్బరం, గుడగుడ, ఒకటి రెండు పలచటి విరేచనాలు, కొద్దిపాటి జ్వరం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. చలితో వణికే జ్వరం, పొట్ట బిర్రబిగుసుకోవడం, నెత్తురు పెరగడం వస్తే ఆగకుండా రావాలి. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చేటప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే ఉంది.

చీరాల_చదువరి
మాత్రల రూపంలో వచ్చిందంటున్నారు కదా, కొలనోస్కోపీల బాధ తప్పదా? ఒక దాత కన్నా పదిమందిని కలిపితే మేలా?

గ్యాస్ట్రో_నెల్లూరు
అమెరికాలో రెండు అనుమతులు వచ్చాయి. 2022 నవంబరులో ఎనిమాగా ఇచ్చే రెబయోటా, 2023 ఏప్రిల్‌లో నోటి ద్వారా వేసుకునే వౌస్ట్. రెండూ సి.డిఫ్ తిరగబెట్టకుండా ఆపడానికే, కొలైటిస్‌కి కాదు. వౌస్ట్ తయారుచేసిన సెరెస్ కంపెనీయే కొలైటిస్ కోసం ఎస్‌ఈఆర్-287 అనే మాత్రలు పరీక్షించింది. 2021లో అవి ఉత్తుత్తి మాత్రల్ని మించలేకపోయాయి. సి.డిఫ్‌లో గెలిచిన పద్ధతి ఇక్కడ గెలుస్తుందనుకోవడానికి లేదని చూపే ఉదాహరణ ఇది.

మరోవైపు 2022లో ఆస్ట్రేలియాలో, పూర్తి మలాన్ని గాలి లేకుండా ఆరబెట్టి పొడి చేసిన మాత్రలు ఎనిమిది వారాలు ఇస్తే 15 మందిలో 8 మందికి అణిగింది, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 20 మందిలో ముగ్గురికి. చిన్న ట్రయల్, కానీ కొట్టిపారేయలేం. అందులో ముందు రెండు వారాలు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్ ఇచ్చారు. కలుపు తీసిన మడిలో నాటితే నారు త్వరగా వేళ్లు తన్నుకుంటుందన్న ఆలోచన. ఆ యాంటీబయాటిక్స్‌తో కొందరికి జబ్బు లేవొచ్చు కూడా. సొంతంగా ఎవరూ ప్రయత్నించేది కాదు.

దాతల సంగతి. కెనడా ట్రయల్‌లో బాగుపడిన 9 మందిలో ఏడుగురికి వెళ్లింది ఒకే దాత మలం. అప్పటినుంచి ఇట్లాంటి మహాదాత కోసం వెతుకులాట మొదలైంది. ముందుగా పోల్చుకునే పరీక్ష మాత్రం ఇంతవరకు లేదు. 2017 ట్రయల్‌లో ఆస్ట్రేలియా వాళ్లు ముగ్గురి నుంచి ఏడుగురి దాకా కలిపింది ఆ అనిశ్చితిని తగ్గించడానికే. కలిపితే మంచి దాత భాగం పడే వీలు పెరుగుతుంది, అయితే ఒక్క దాతలో లోపం ఉంటే అందరి డోసుల్లోకీ పాకుతుంది. కెనడా లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. జబ్బు మొదలై ఏడాది లోపున్న నలుగురిలో ముగ్గురికి ఫలితం వచ్చింది, పాత జబ్బు 34 మందిలో ఆరుగురికే. అంకెలు చిన్నవి, ఆలోచించదగినవి.

పోషణ_పొదిలి (డైటీషియన్)
ఏం తినాలో ఒక్కమాటా రాలేదు. ఎక్కించిన జీవులు బతకాలంటే వాటికి మేత పడాలి. ఎయిమ్స్ వాళ్లు ఆహారాన్ని జతచేసింది అందుకే. ప్యాకెట్ తిండి, చిక్కబరిచే రసాయనాలు వేసిన ఐస్‌క్రీములు, బేకరీ సరుకు, కూల్‌డ్రింకులు, చక్కెర, మేక, గొర్రె మాంసం బాగా తగ్గించాలి. కూరగాయలు, పళ్లు, పులిసిన పదార్థాలు పెంచాలి.

మన పళ్లెంలోకి తెస్తే ఇట్లా. మంట లేచి ఉన్నప్పుడు మెత్తటి అన్నం, పలచటి పెసరకట్టు, సొరకాయ, బీరకాయ (తొక్క, గింజ తీసి), అరటిపండు, సరిపడితే మజ్జిగ. పచ్చి కూరలు, వేరుశనగ, మొక్కజొన్న, గింజల జామ అప్పుడు వద్దు. చేపల పులుసు మానక్కర్లేదు, నూనె, కారం తగ్గించి, ముళ్లు లేని ముక్క తినొచ్చు. మన గొడ్డుకారం, ఎర్రకారం దోసె మాత్రం మంట అణిగేదాకా పక్కనపెట్టాలి. కారం వల్ల ఈ జబ్బు రాదు, లేచి ఉన్న పేగుని ఇంకా పరుగెత్తిస్తుంది, అంతే. అణిగాక పీచు మానేయడం పెద్ద పొరపాటు. రాగి సంకటి, జొన్నన్నం, మునగాకు, ఉడికించిన పప్పులు వారానికొకటి చొప్పున కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోవాలి. రాత్రి నానబెట్టి పొద్దున మజ్జిగతో తినే చద్దన్నం అణిగిన దశలో మంచిదే, కానీ ఎండాకాలంలో నీళ్లు, కుండ శుభ్రంగా లేకపోతే అదే విరేచనాలకి దారి. స్టెరాయిడ్ కోర్సులు పడ్డ మనిషి కాబట్టి విటమిన్ డి, కాల్షియం, నెత్తురు పోతోంది కాబట్టి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించండి. మంట ఉన్నప్పుడు ఇనుము బిళ్లలు పొట్టని తిప్పుతాయి, రక్తనాళం ద్వారా ఇచ్చే ఇనుము మేలు.

పెన్నా_ఒడ్డు
అందరికీ చాలా కృతజ్ఞతలు. ట్రయల్ ఉందో లేదో ఎట్టా తెలుసుకోవాలి? చేరితే డబ్బు కట్టాలా? ఎవరో ప్యాకేజీ చెప్తన్నారు.

మందుల_చీటీ
మన దేశంలో ట్రయల్స్ సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా) వెబ్‌సైట్‌లో నమోదవుతాయి. అల్సరేటివ్ కొలైటిస్ అని వెతికి, రోగుల్ని చేర్చుకుంటున్నారా లేదా అన్న గడి చూడండి. నమోదు నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం, జబ్బు ముదిరితే ఎవరు చూస్తారు, ఖర్చెవరిది, ఇవి అడగాలి. ట్రయల్‌లో పరీక్షించే చికిత్సకి రోగి దగ్గర డబ్బు వసూలు చేస్తామంటే అక్కడే ఆగి ఎథిక్స్ కమిటీని అడగండి. నమోదు నంబరు లేకుండా ప్యాకేజీ ధర ముందు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. ఎక్కడ చేరినా మెసలమైన్ ఆపొద్దు. చాలా ట్రయల్స్‌లో పాత మందు స్థిరమైన మోతాదులో నడుస్తూనే ఎఫ్‌ఎంటీ ఇచ్చారు.

గ్యాస్ట్రో_నెల్లూరు
ఎల్లుండి చూపించేలోపు ఒకటి గమనించండి అన్నా. నెత్తుటి విరేచనాలు రోజుకి ఆరు గానీ ఆ పైన గానీ ఉండి, దానితోపాటు నాడి 90 పైన, లేదా జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ పైన, లేదా హిమోగ్లోబిన్ 10.5 లోపు, లేదా ఈఎస్‌ఆర్ 30 పైన ఏ ఒక్కటి ఉన్నా అది తీవ్రమైన కొలైటిస్. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాలి. రక్తనాళం ద్వారా హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఆరు గంటలకోసారి, గడ్డలు కట్టకుండా హెపారిన్, పొట్ట ఎక్స్‌రే. మూడో రోజుకి విరేచనాలు ఎనిమిది పైనున్నా, మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి రక్తంలో మంటని కొలిచే సీఆర్‌పీ 45 దాటినా ఇన్‌ఫ్లిక్సిమాబ్, సైక్లోస్పోరిన్ ఆలోచించి, సర్జన్‌ని కూడా పిలిచి చూపించాలి. ఆ దశలో ఎఫ్‌ఎంటీ మాట ఎత్తకూడదు. ఇప్పుడు మీరు చెప్పిన లెక్క ప్రకారం ఆ గీతకి ఇవతలే ఉన్నాడు. విరేచనాలు, నెత్తురు, నాడి, జ్వరం రోజూ పొద్దునా సాయంత్రం రాసిపెట్టి, ఆ కాగితం ఎల్లుండి డాక్టరుకి ఇవ్వండి. మలం పరీక్ష నమూనా రేపే కావలిలోనో నెల్లూరులోనో ఇచ్చేస్తే, వెళ్లేసరికి సి.డిఫ్, అమీబా ఫలితం చేతిలో ఉంటుంది.